సున్నం కలిపిన మురుగు బురద నిమ్మతోటకు వేయొచ్చా?

పొదలకూరు_నిమ్మతోట
మాకు ఆరెకరాల నిమ్మ ఉంది, పన్నెండేళ్ల చెట్లు. టౌనులో మురుగునీటి ప్లాంటు నుంచి బురద తోలే కాంట్రాక్టర్ ఒకాయన పది రోజుల కిందట వచ్చాడు. సున్నం కలిపి శుద్ధి చేసిన ఎరువు, ఫ్రీగా ఇస్తాం, బాడుగ కూడా మాదే అన్నాడు. పశువుల ఎరువు ట్రాక్టర్ ఇప్పుడు ఎంత పలుకుతోందో మీకు తెలిసిందే. సరే అన్నాను. నాలుగు ట్రాక్టర్లు గట్టు పక్కన కుప్ప పోసి వెళ్లారు. దించిన రోజు వాసన లేదు, పైనంతా తెల్లగా పొడిపొడిగా ఉంది. సోమవారం రాత్రి ఒక జల్లు పడింది. తెల్లారి చూస్తే ఈగలు ముసిరి ఉన్నాయి, కడుపులో తిప్పేంత కంపు. ఆ కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడం లేదు. ఇది పాదుల్లో వేయొచ్చా, వేయకూడదా? వేయకపోతే ఏం చేయాలి? ఇంట్లో చిన్నపిల్లలున్నారు, టెన్షన్‌గా ఉంది.

కావలి_కుర్రోడు
అన్నా, బాడుగ కూడా మాదే అన్నవాడు పెళ్లివారి తరఫువాడైనా ఒకసారి ఆలోచించాలి. ముందు ఆ కుప్ప మీద పట్ట కప్పేయ్, ఇంకో వాన పడకముందే.

మూలాపేట_వాసి
గుంత తీసి పూడ్చేయండి. మురుగు మురుగే. దానికి ఎరువని పేరు పెడితే ఎరువు అయిపోదు.

నైట్‌షిఫ్ట్_ఆపరేటర్
పూడ్చొద్దు, ఆగండి. నేను ఇలాంటి ప్లాంటులోనే పని చేస్తున్నా, ఏడేళ్లయింది. మీ కుప్ప కథ మొదటి నుంచి చెబితే ఏం జరిగిందో మీకే అర్థమవుతుంది.

నీళ్లు శుద్ధయి బయటికి పోయాక అడుగున మిగిలే బురదలో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు నీళ్లే. వెయ్యి లీటర్లు తీసుకుంటే అందులో సరుకు పది కిలోలు. ఊరికే పిండితే పిండదు. ఆ నలకలన్నిటికీ ఒకే రకం విద్యుత్తు ఉంటుంది, రుణావేశం. అందుకని ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతూనే ఉంటాయి. మన పెద్దవాళ్లు వానాకాలం ఎర్రనీళ్లలో చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్లు గదా, పటిక తిప్పేవాళ్లు గదా, ఇక్కడా అదే సూత్రం. మేము ధనావేశం ఉన్న పాలిమర్ కలుపుతాం. ఎండు సరుకు టన్నుకు మూడు నుంచి ఐదు కిలోలు పడుతుంది. నలకలు దారాలు పట్టుకున్నట్టు ఒకచోట చేరి ముద్దలవుతాయి, నీళ్లు విడిపోతాయి. అప్పుడు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎండు సరుకు ఇరవై శాతం అయ్యేదాకా గట్టిపడుతుంది. అంటే ఆ వెయ్యి లీటర్లు యాభై కిలోలకు దిగుతుంది. చూడ్డానికి నానబెట్టిన వేరుశనగ చెక్కలా ఉంటుంది.

సున్నం వచ్చేది దాని తర్వాతే. సున్నం పని ఎరువు చేయడం కాదు, లోపల ఉన్న సూక్ష్మజీవులకు బతుకు లేకుండా చేయడం. దానికి పీహెచ్, అంటే పులుపు, క్షారం ఎంతుందో చూపే కొలత, 12కి ఎక్కాలి, ఎక్కి రెండు గంటలు అక్కడే నిలవాలి. ఆ తర్వాత మళ్లీ సున్నం వేయకుండానే ఇంకో 22 గంటలు 11.5కి తగ్గకూడదు. 1993 నాటి అమెరికా నిబంధన ఇది, ఈ పనిలో ఉన్నవాళ్లు చాలామంది దీన్నే కొలతగా చూస్తారు. మీ కాంట్రాక్టర్ ఇవేవీ చూసి ఉండడు. ట్రాక్టర్‌లోకి ఎత్తాక పైన నాలుగు బస్తాలు చల్లి ఉంటాడు.

ఒక పని చేయండి. చేతికి గ్లవ్స్ వేసుకుని, గడ్డపారతో ఒక పెద్ద ముద్దను పగలగొట్టి లోపల ఎట్టా ఉందో చెప్పండి.

పొదలకూరు_నిమ్మతోట
ఇప్పుడే చూసొచ్చా. పైన వేలిమందాన తెల్లగా ఉంది, లోపల మసినూనె ముద్దలా నల్లగా ఉంది. తెలుపు, నలుపు గీత గీసినట్టు విడిగా కనిపిస్తున్నాయి. పగలగొట్టగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టింది. మా పనిమనిషి ముక్కు మూసుకుని దూరంగా వెళ్లిపోయింది.

నైట్‌షిఫ్ట్_ఆపరేటర్
అనుకున్నా. ఆ నలుపంతా సున్నం తగలని భాగం. పైన తెలుపు కూడా రోజులు గడిచేకొద్దీ గాలిలో బొగ్గుపులుసు వాయువు పీల్చుకుని సుద్దగా మారుతుంది, పీహెచ్ దిగుతుంది. వాన పడి నాని కలిసిపోయింది. లోపలివి ఎటూ చావలేదు, పైన సగం చచ్చినవాటి స్థానంలో మళ్లీ పుట్టుకొచ్చాయి. వాసన తిరిగి రావడమంటే అదే. సున్నం వేసిన రోజు వాసన లేకపోతే అది ఆ రోజు సంగతి మాత్రమే.

విడవలూరు_రొయ్యలు
సున్నం గురించి మా రొయ్యల చెరువుల వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు, చెప్పనీయండి.

అన్నా, ముందు అది ఏ సున్నమో కనుక్కో. సున్నం అంటే ఒకటి కాదు. వ్యవసాయ సున్నం, డోలమైట్ లాంటివి లారీల్లో నింపినా పీహెచ్ 12 ఎక్కదు, అవి రాతిపొడి లాంటివి. కాల్చిన సున్నం, అంటే నీళ్లు పోస్తే కుతకుతా ఉడికేది, లేదా దాన్ని చల్లార్చిన పొడి, ఈ రెండిటికే ఆ బలం. వ్యవసాయ సున్నం బస్తా చవక. నీ కాంట్రాక్టర్ అదే కొట్టి ఉంటే ఎన్ని బస్తాలు వేసినా పైపూతే.

రెండో సంగతి. పీహెచ్ కొలవాలని మన చెరువు కిట్టు తీసుకెళ్లేవు, అది తొమ్మిది దాటి చూపించదు. 1 నుంచి 14 దాకా చూపించే కాగితం పట్టీలు కొనుక్కో.

మూడోది అమోనియా. పీహెచ్ తొమ్మిది దాటితే అమోనియా గాలిలోకి లేస్తుందని మాకు చెరువులో రొయ్య తేలినప్పుడే తెలిసింది. బురదలో నత్రజనీ అంతే, సున్నం వేయగానే కళ్లు మండే ఘాటుగా పోతుంది. అంటే సున్నం సరిగ్గా వేస్తే నీకు రావాల్సిన నత్రజనిలో కొంత ముందే గాలిపాలు.

కావలి_కుర్రోడు
అంటే సున్నం సరిగ్గా వేస్తే ఎరువు పోతుంది, సరిగ్గా వేయకపోతే రోగం మిగులుతుంది. రెండు వైపులా పదునున్న కత్తిపీటన్నమాట.

మట్టిపరీక్ష_మేడమ్
ఆపరేటర్ గారు, విడవలూరు గారు చెప్పింది నిజమే. కానీ నిమ్మ సంగతి ఎవరూ మాట్లాడలేదు. పొదలకూరు గారూ, మీ తోటలో గుంత తీస్తే ఎంత లోతులో సుద్ద తగులుతుంది?

పొదలకూరు_నిమ్మతోట
మూడడుగుల కింద సుద్దగడ్డలు మేడమ్. పైన ఎర్రచెలక. కొన్ని చెట్లకు లేత ఆకులు ఈనెల మధ్య పసుపుపచ్చగా వస్తాయి, ఏటా జింక్ సల్ఫేట్ కొడుతుంటాం.

మట్టిపరీక్ష_మేడమ్
అయితే నా సమాధానం వేయొద్దనే, సున్నం సరిగ్గా కలిపినదైనా సరే. నిమ్మకు సుద్ద నేల అసలే కిట్టదు. పీహెచ్ పెరిగేకొద్దీ ఇనుము, జింకు మట్టిలోనే బిగుసుకుపోతాయి, వేరుకు అందవు. మీరు చెప్పిన పసుపు ఆకులు ఆ లక్షణమే. మీరు ఒక పక్క జింక్ కొడుతూ ఇంకో పక్క పాదుకు సున్నం పోస్తే ఆ ఖర్చు దేనికి? పైగా సున్నం కలిపిన బురదలో భాస్వరం కూడా కాల్షియంతో కట్టుకుపోయి నెమ్మదిగా మాత్రమే వస్తుంది.

ఇదే బురద పులుపు నేలలో వేస్తే లాభం ఉంటుంది, సున్నం అక్కడ మందులా పనిచేస్తుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నల్లరేగడి, సుద్ద నేలలు కూడా ఉన్నాయి, అలాంటి చోట సున్నం బురదకు ముందు మట్టి పరీక్ష చేయించకుండా ఒక తట్ట కూడా వేయకూడదని నా మాట.

ఇంకో విషయం, సున్నంతో లోహాలు పోవు. సీసం, కాడ్మియం, క్రోమియం పీహెచ్ ఎక్కువగా ఉన్నంతకాలం కదలకుండా ఉంటాయి, అంతే. నగర కంపోస్టుకు మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో కిలోకు కాడ్మియం 5 మిల్లీగ్రాములు, సీసం 100, పాదరసం 0.15 మించకూడదని ఉంది. మీ కుప్పకు ఆ పరీక్ష కాగితం ఇచ్చారా?

పొదలకూరు_నిమ్మతోట
కాగితం కాదు గదా, బిల్లు కూడా లేదు మేడమ్.

కొండపి_రైతు
పొగాకు వాళ్ల తరఫున ఒక మాట. మేము పొటాష్ కొనేటప్పుడు కూడా మ్యూరేట్, అంటే క్లోరైడ్ ఉన్న రకం ముట్టుకోం, సల్ఫేటే వాడతాం, ఎందుకంటే క్లోరైడ్ ఎక్కితే ఆకు సరిగ్గా కాలదు, వేలంలో రేటు పడిపోతుంది. ఈ ప్లాంట్లలో కొన్నిట్లో బురద ముద్దకట్టడానికి ఫెర్రిక్ క్లోరైడ్ అని, ఇనుము, క్లోరైడ్ కలిసిన ఎర్రటి ద్రావణం వాడతారు. నీళ్లు తీసేసి చూస్తే దాని బరువులో మూడింట రెండు వంతులు క్లోరైడే. మా చేలల్లోకి ఇలాంటి బురద వస్తే మా గతేం కావాలి? రెండేళ్ల కిందట మా ఊళ్లో ఒకాయన సగం బ్యారన్ (ఆకును వేడికి ఆరబెట్టే కొట్టం) సరుకు ఇలాగే చెడగొట్టుకున్నాడు.

నైట్‌షిఫ్ట్_ఆపరేటర్
కొండపి అన్నా, లెక్క సరే, కానీ క్లోరైడ్ నీళ్లలో కరిగిపోతుంది. పిండినప్పుడు ఎక్కువ భాగం ఆ నీళ్లతోనే వెళ్లిపోతుంది, ముద్దలో మిగిలేది కొద్దిగానే. ఇనుము మాత్రం ముద్దలోనే ఉండిపోతుంది. మీ ఊరాయన సరుకు చెడింది బురద వల్లేనా, బోరు నీటి ఉప్పు వల్లా?

కొండపి_రైతు
బోరు నీళ్లు పరీక్ష చేయించలేదు, అది నిజమే. అయినా కొద్దిగానే అన్నావు, పొగాకు ఆ కొద్దిని కూడా పట్టుకుంటుంది. నేను రిస్క్ తీసుకోను.

మట్టిపరీక్ష_మేడమ్
కొండపి గారి జాగ్రత్త తప్పు కాదు. పొగాకు కాడ్మియంను కూడా ఆకులోకి బాగా లాక్కునే పంట. క్లోరైడ్ సంగతి ఎట్టా ఉన్నా, పొగాకు చేనుకు మురుగు బురద వద్దు.

పీహెచ్‌సీ_సిస్టర్
ఇందాకటి నుంచి అందరూ పీహెచ్ అంటుంటే మా ఆస్పత్రి గురించి అనుకుని చదివాను. చదివాను కాబట్టి చెప్పాల్సింది చెబుతా.

మా దగ్గరికొచ్చే పిల్లల్లో ఏలికపాములు ఇంకా ఉన్నాయి. మలంతో బయటికొచ్చే ఆ పాము గుడ్డు పెంకు చాలా గట్టిది. మట్టిలో నెలలు, ఒక్కోసారి ఏళ్లు బతుకుతుంది. మామూలు బ్యాక్టీరియాను చంపే సున్నం దాన్ని తొందరగా ఏమీ చేయలేదు, వేడి కూడా ఉండాలి. అందుకే శుద్ధి చేసిన మలవ్యర్థం గ్రాము ఎండు సరుకులో గుడ్లు ఒకటి కన్నా తక్కువే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాల్లో పెట్టింది.

పొదలకూరు అన్నా, నిమ్మకాయలు మీరు చెట్టు మీద కోయడం కన్నా రాలినవి ఏరడమే ఎక్కువ గదా. రాలిన కాయ పడేది ఆ పాదులోనే. ఏరే ఆడవాళ్లు చెప్పుల్లేకుండా, చేతులతో ఏరతారు, అట్టే అన్నం తింటారు. మీరు గడ్డపార పట్టిన చేతులు సబ్బుతో కడిగారా? పిల్లల్ని ఆ కుప్ప దగ్గరికి రానీయకండి.

పొదలకూరు_నిమ్మతోట
కడిగాను సిస్టర్. రాలిన కాయల సంగతి నాకు తట్టనే లేదు. మా అమ్మ కూడా ఏరుతుంది.

నైట్‌షిఫ్ట్_ఆపరేటర్
సిస్టర్ చెప్పిన వేడి కాల్చిన సున్నంతో వస్తుంది. కిలో కాల్చిన సున్నం తడిస్తే వచ్చే వేడితో మూడు లీటర్ల నీళ్లు మరుగుతాయి. అందుకే మంచి పద్ధతిలో పీహెచ్ 12 పైన మూడు రోజులు ఉంచి, అందులో పన్నెండు గంటలు 52 డిగ్రీలు దాటిస్తారు. తర్వాత ఆరబెట్టి సగానికి సగం ఎండు సరుకు చేస్తారు. అప్పుడది రోగాల భయం లేకుండా వేయగల సరుకు. కలపడానికి రెండు ఇరుసుల మిక్సర్ కావాలి, పార పనికిరాదు. మామూలు పద్ధతిలో కూడా ఎండు సరుకు లెక్కన నూటికి ఇరవై ముప్పై వంతులు సున్నం పడుతుంది. ఖర్చుంది. అందుకే చాలాచోట్ల చల్లి వదిలేస్తారు.

విడవలూరు_రొయ్యలు
ఇది చదివి ఎవరైనా కాల్చిన సున్నం బస్తాలు తెచ్చి సొంతంగా కలిపేరు, దయచేసి వద్దు. మా బావమరిది చెరువు గట్టు మీద బస్తా విప్పుతుంటే గాలికి పొడి లేచి కంట్లో పడింది. పక్కనే చెరువు ఉండబట్టి పరుగున వెళ్లి నీళ్లు కొట్టాం, ఆగకుండా అరగంట. అయినా నెల రోజులు కట్టు. చెమట పట్టిన ఒంటి మీద పడితే బొబ్బలే. పొడిని ముందు దులిపి, ఆ తర్వాత ఎక్కువ నీళ్లతో కడగాలి.

ఒంగోలు_అపార్ట్‌మెంట్
సగం సంబంధం ఉన్న ప్రశ్న. మా అపార్ట్‌మెంట్‌లో చిన్న ప్లాంటు ఉంది, వాసన వస్తోందని వాచ్‌మన్ బ్లీచింగ్ చల్లాడు, చాల్లేదని బాత్‌రూమ్ యాసిడ్ పోశాడు. పచ్చటి పొగ లేచింది. అందరం మేడ దిగి పరుగెత్తాం. ఇది దేని వల్ల?

నైట్‌షిఫ్ట్_ఆపరేటర్
క్లోరిన్ గ్యాస్. బ్లీచింగ్, యాసిడ్ ఎప్పుడూ ఒకచోట కలవకూడదు. బురదలోకి యాసిడ్ పోస్తే ఇంకో ప్రమాదం, ఆ కోడిగుడ్డు వాసన వాయువు ఒక్కసారిగా లేస్తుంది. ఎక్కువైతే ముక్కు దాన్ని పసిగట్టడం మానేస్తుంది, వాసన పోయిందనుకుంటాం, మనిషి పడిపోతాడు. మీ వాచ్‌మన్‌కి ఆ రెండు డబ్బాలూ వేరువేరు గదుల్లో పెట్టమని చెప్పండి.

గుండ్లకమ్మ_ఒడ్డు
ఆపరేటర్ చివర చెప్పింది చదివాక రాయకుండా ఉండలేకపోయా.

మా నాన్న సెప్టిక్ ట్యాంకర్ నడిపేవాడు. మోటారు పైపు అందని చోట దిగేవాడు కూడా. 2013లో చట్టం వచ్చింది, మనిషిని రక్షణ లేకుండా దింపకూడదని. ఆ తర్వాత కూడా 'ఒక్కసారి దిగు బాబాయ్, ఐదొందలు ఎక్కువ తీసుకో' అన్న ఇళ్లు చాలా ఉన్నాయి. నాన్న వేళ్ల సందుల్లో తెల్లటి మచ్చలు ఉండేవి, ఎన్ని సబ్బులు రుద్దినా పోయేవి కావు. మా ఇంట్లో ఆయన కంచం వేరుగా పెట్టుకునేవాడు, మేము వద్దన్నా వినేవాడు కాదు.

మూలాపేట గారు పూడ్చేయండి అన్నారు. ఎవరూ వద్దంటే అది ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. తెల్లవారుజామున మూడు గంటలకు, లైట్లు ఆర్పి, ఏటి వంతెన పక్కన. నేను చిన్నప్పుడు ట్యాంకర్‌లో కూర్చుని చూశాను. ప్లాంటు, పాలిమర్, సున్నం ఇవన్నీ ఉండబట్టే ఏటికి ఆ రాత్రులు తగ్గాయి. అందుకని బురదను తిట్టకండి. దాన్ని సగం పని చేసి రైతు గట్టు మీద పోసినవాణ్ని అడగండి.

మూలాపేట_వాసి
మీ పోస్టు రెండుసార్లు చదివాను. మా ఇంటి ట్యాంకు ఖాళీ చేయించిన రోజు అది ఎక్కడికి పోతుందని నేనెప్పుడూ అడగలేదు. పూడ్చమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

మట్టిపరీక్ష_మేడమ్
పూడ్చడం ఎటూ మంచిది కాదు, పక్కనే బోరు ఉంటే నైట్రేట్ అందులోకి దిగుతుంది. ఇప్పుడు చేయాల్సింది: పట్ట కప్పండి. కుప్ప చుట్టూ చిన్న కట్ట వేయండి, కారిన నీళ్లు కాలువలోకి పోకుండా. ప్లాంటుకు నేరుగా ఫోన్ చేయండి, కాంట్రాక్టర్‌కు కాదు. తీసుకెళ్లాల్సింది వాళ్లే.

విడవలూరు_రొయ్యలు
తీసుకెళ్లకపోతే? వరిగడ్డి కలిపి కంపోస్టు చేయొచ్చు గదా మేడమ్. మా పక్కూళ్లో గొర్రెల ఎరువు అట్టా చేస్తారు.

మట్టిపరీక్ష_మేడమ్
సున్నం వేయని బురదైతే మంచి ఆలోచనే. కుప్పలో 55 డిగ్రీలు పదిహేను రోజులు నిలవాలి, ఆ రోజుల్లో కనీసం ఐదుసార్లు తిరగేయాలి. అప్పుడు సిస్టర్ చెప్పిన గుడ్లు కూడా పోతాయి. కానీ దీంట్లో సున్నం అక్కడక్కడా ఉంది. తెల్లభాగంలో పీహెచ్ ఎక్కువ, కంపోస్టు సూక్ష్మజీవి కూడా బతకదు. సగం కుప్ప ఉడుకుతుంది, సగం అట్టే ఉంటుంది. లోహాల పరీక్ష కూడా లేదు. ఈ కుప్పతో ప్రయోగం వద్దు.

పొదలకూరు_నిమ్మతోట
అప్‌డేట్. పట్టీలు తెచ్చి కొలిచా. ఒక పాలు బురదకు ఐదు పాళ్లు డిస్టిల్డ్ వాటర్ కలిపి చూశా. తెల్లభాగం 11, లోపలి నలుపు 8 కూడా లేదు. ఆ రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి ప్లాంటు ఆఫీసుకు పంపించా. ముందు మాకు సంబంధం లేదన్నారు. ఫోటో చూశాక ఇంజనీర్ ఒకాయన తిరిగి ఫోన్ చేశాడు. రేపు ట్రాక్టర్లు పంపిస్తామన్నారు.

నైట్‌షిఫ్ట్_ఆపరేటర్
మంచి పని చేశారు. ఎత్తేటప్పుడు ఒక కిలో మీ దగ్గర ఉంచుకోండి, మూత గట్టిగా ఉండే డబ్బాలో. తేదీ, ట్రాక్టర్ నంబర్ రాసి పెట్టండి. రేపు మళ్లీ మాకు సంబంధం లేదంటే పనికొస్తుంది.

మట్టిపరీక్ష_మేడమ్
కుప్ప ఎత్తేశాక దాని కింద మట్టి, అర అడుగు లోతు, ఐదు చోట్ల తీసి కలిపి నాకు తీసుకురండి. ట్రాక్టర్ చక్రం తొక్కిన చోట వద్దు. పక్కన కుప్ప తగలని మట్టి ఇంకో సంచిలో. రెండూ పోల్చాలి.

పొదలకూరు_నిమ్మతోట
శనివారం తెస్తా మేడమ్. ఒక బస్తా కాయలు కూడా తెస్తా, చెట్టు మీద కోసినవి.

కావలి_కుర్రోడు
సిస్టర్‌కి కూడా ఒక సంచి పంపించన్నా, పచ్చడికి.

పీహెచ్‌సీ_సిస్టర్
నాకు కాయలొద్దు. మీ అమ్మగారికి, ఏరే ఆడవాళ్లకు రబ్బరు గ్లవ్స్, చెప్పులు కొనండి. పిల్లలిద్దరినీ ఒకసారి తీసుకురండి, నులిపురుగుల మాత్ర వేసి ఎన్నాళ్లయిందో చూద్దాం.

గుండ్లకమ్మ_ఒడ్డు
రేపు ఎత్తడానికి వచ్చేవాళ్లకు కూడా ఒక జత గ్లవ్స్ తెచ్చిపెట్టు అన్నా. వాళ్లు అడగరు.

పొదలకూరు_నిమ్మతోట
ఆరు జతలు తెచ్చా. గట్టు మీద సబ్బు, రెండు బిందెల నీళ్లు కూడా పెట్టించా.